ఆట ఆడుతోంది, పలకడం లేదు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే కంప్యూటర్లన్నీ కలిసి మూగనోము పట్టినట్టుంది. అందుకని ప్రింటర్ల వాళ్ళనూ, పాస్‌వర్డులు మరచిపోయిన వాళ్ళనూ వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారికి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆటల ధ్వని సంగతి ఒక్కటే చూస్తున్నాను.

ముందుగా ఒక మనవి. మన పత్రికలో అచ్చంతా తెలుగు లిపిలోనే కనుక ఆజ్ఞలను పలికినట్టే రాస్తాను. మీరు టెర్మినల్‌లో, అంటే ఆజ్ఞలు కొట్టే విండోలో, వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరాలు కావలసిన చోట నేనే చెబుతాను. కిందటి నెల ఒకాయన తెలుగులోనే కొట్టి, ‘అలాంటి ఆజ్ఞ లేదు పొమ్మంటోంది’ అని రాశారు. తప్పు నాదే. చెప్పి ఉండవలసింది.

ప్రశ్న: అమెరికాలో ఉండే మా బావ చాలా ఏళ్ళ కిందట పంపిన క్వేక్ 3 అరీనా అనే ఆట లినక్స్ సీడీ, రేకు డబ్బాతో సహా మా అటక మీద దొరికింది. మా అబ్బాయికి చూపిద్దామని ఉబుంటు 22.04 రకం లినక్స్ ఉన్న కంప్యూటర్లో ఎక్కించాను. బొమ్మ కోసం అది అడిగిన 32 బిట్ల లైబ్రరీలన్నీ (ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే ఫైళ్ళు) పెట్టాను. బొమ్మ చక్కగా వస్తోంది కానీ శబ్దం మాత్రం లేదు. అదే కంప్యూటర్లో యూట్యూబ్ పాటలు హాయిగా వినబడుతున్నాయి. సౌండ్ డ్రైవర్లు మూడుసార్లు తీసి పెట్టాను. సిస్టమ్ మొత్తం ఒకసారి మళ్ళీ ఎక్కించాను. మా వాడు ‘నాన్నా, మీ రోజుల్లో ఆటలు కూడా మూకీలేనా?’ అని అడుగుతున్నాడు. పరువు నిలబెట్టండి.
ఒక ఇంజినీరు, భీమవరం

జవాబు: యూట్యూబ్ వినబడుతోందన్న వాక్యంతో సగం జవాబు మీరే రాసేశారు. కార్డు బాగుంది, డ్రైవరు బాగుంది, స్పీకరు బాగుంది. అయినా మీరు వెళ్ళి బాగున్న డ్రైవరునే మూడుసార్లు పెరికి నాటారు.

మా నాన్నగారు గోదావరి డెల్టాలో కాలువ లస్కరు. శివారు రైతు వచ్చి చేలో నీళ్ళు లేవని మొత్తుకుంటే ఆయన ధవళేశ్వరం వైపు చూసేవారు కాదు. సైకిలు తీసుకుని నేరుగా ఆ చేనుకే వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చేవారు. ముందు బోదె, తర్వాత తూము, ఆ తర్వాత పిల్లకాలువ. పక్క చేలో నీళ్ళు కనబడితే ఇక కాలువను అనుమానించేవారే కాదు, ఈ తూములో గుర్రపుడెక్క అడ్డుపడిందని తేల్చేవారు. మీ ఇంట్లో యూట్యూబ్ పక్క చేను. మనం చూడవలసింది ఆట తాలూకు తూము.

ఆటను మెనూలోంచి కాకుండా టెర్మినల్‌లో పేరు కొట్టి నడపండి. జలపాతంలా వరుసలు దిగిపోతాయి. బెదరకుండా పైకి జరిపి, గీతల మధ్య ‘సౌండ్ ఇనిషియలైజేషన్’ అని ఉన్న చోట ఆగండి. దాని కిందే /డెవ్/డీఎస్‌పీ అన్న పేరు, ఆ ఫైలు లేదన్న ఫిర్యాదు, దాన్ని తెరవలేకపోయానన్న మాట కనబడతాయి. మీ రోగం పేరు అదే. మూడు డ్రైవర్ల కంటే ఈ రెండు వరుసలు ఎక్కువ చెబుతాయి.

ఆ ఫైలు ఏమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1992లో హన్ను సావొలాయినెన్ సౌండ్ బ్లాస్టర్ కార్డు కోసం రాసిన డ్రైవరు పెరిగి పెద్దదై ఓఎస్ఎస్ అనే పద్ధతి అయింది. లినక్స్‌కు పెద్దదిక్కైన యూనిక్స్ ఇంట్లో సాధ్యమైనంత వరకు ప్రతిదీ ఫైలే కదా. అలాగే సౌండ్ కార్డు కూడా /డెవ్/డీఎస్‌పీ అనే ఫైలుగా కనబడేది. దానిలోకి అంకెలు రాస్తే స్పీకరు పలికేది. అంతకంటే సులువైన ఏర్పాటు నేను చూడలేదు. చిక్కల్లా ఒక్కటే. రెండు మూడు ధ్వనులను తనే కలపగల ఖరీదైన కార్డు ఉంటే తప్ప, ఆ ఫైలును ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామే తెరవగలదు. నేను పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసే రోజుల్లో ఎవరో ఒక కుర్రాడు ఎక్స్ఎంఎంఎస్ అనే పాటల ప్రోగ్రాములో పాటను మధ్యలో ఆపి, ఆ విండో దించేసి, ఆటకు కూర్చునేవాడు. పాట ఆగింది కానీ ఫైలును వదలలేదు. ఆట మూగబోయేది. ‘సార్, కార్డు పోయింది’ అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్ళు. నేను ‘ఎఫ్‌యూజర్’ అని కొట్టి, ఆ ఫైలును పట్టుకుని కూర్చున్నది ఎవరో చూసి, పాట ప్రోగ్రామును మూసేవాడిని. కార్డు మళ్ళీ బతికేది. ల్యాబులో నాకు మంత్రగాడినన్న పేరు దానితోనే వచ్చింది.

తర్వాత యారొస్లావ్ కిసెలా 1998లో మొదలుపెట్టిన ఆల్సా అనే కొత్త ధ్వని పద్ధతి వచ్చింది. 2003 డిసెంబరులో లినక్స్ గుండెకాయ అనదగిన కెర్నెల్ 2.6తో అదే అసలు పద్ధతి అయి కూర్చుంది. పాత ఆటలు బెంగపడకుండా అది ఓఎస్ఎస్ ముసుగు కూడా వేసుకునేది. నేటి ఉబుంటు ఆ ముసుగును తానుగా వేయదు. అందుకే మీ ఆట వెతికే తలుపు గోడలోనే లేదు.

పీ-ఏ-డీ-ఎస్-పీ అనే చిన్న ఉపాయం ఉంది. ఆట ఆ ఫైలు అడిగినప్పుడు మధ్యలో పట్టుకుని, పలు ప్రోగ్రాముల ధ్వనులను కలిపి కార్డుకు పంపే పల్స్ఆడియోకు మళ్ళిస్తుంది. చాలా పాత ప్రోగ్రాములకు ఇది చాలు. మీ ఆటకు చాలదు. ఈ ఆట ఫైలులోకి పద్ధతిగా అంకెలు రాసే రకం కాదు, కార్డు తాలూకు మెమరీ ముక్కనే తన జాగాలోకి తెచ్చుకుని నేరుగా అందులో గీస్తుంది. తుపాకీ పేలడానికీ మోత వినబడడానికీ మధ్య ఎడం రాకూడదని చేసిన పని. 1999లో అది తెలివి. ఇవాళ అదే గుదిబండ. పీ-ఏ-డీ-ఎస్-పీకి ఆ విద్య రాదు.

కనుక పాత ప్రోగ్రాముతో కుస్తీ మానేయండి. ఈ ఆట తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు 2005 ఆగస్టులో దాని మూల సంకేతాన్ని (సోర్స్ కోడ్) జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. దాని నుంచి పుట్టిన ‘ఐఓక్వేక్3’ ఉబుంటు భాండాగారంలోనే ఉంది. అది ధ్వనిని ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ చేతికి ఇస్తుంది. ఆల్సానా, పల్స్ఆడియోనా, దాని తర్వాత వచ్చిన పైప్‌వైరా అన్నది ఎస్‌డీఎల్ చూసుకుంటుంది. మీ సీడీ వృథా కాదు. అందులోని ప్యాక్0 ఫైలు, ఆట చివరి దిద్దుబాటుతో వచ్చే ప్యాక్1 నుంచి ప్యాక్8 దాకా ఉన్న ఫైళ్ళు, మీ హోమ్ ఫోల్డరులో ‘డాట్ క్యూ3ఏ’ (డాట్ అంటే చుక్క గుర్తు) అనే ఫోల్డరు, దాని లోపల ‘బేస్‌క్యూ3’ ఫోల్డరు చేసి అందులో పడేయండి. రేకు డబ్బా మాత్రం పారేయకండి, ఇప్పుడు దొరకదు.

మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ఇదే సంస్థ 1997 డిసెంబరులో డూమ్ ఆట సంకేతాన్ని బయటపెట్టినప్పుడు, ప్రపంచమంతా ఆడిన డాస్ రూపాన్ని కాకుండా లినక్స్ రూపాన్ని ఇచ్చింది. కారణం ధ్వనే. డాస్ ఆటలో వాడిన సౌండ్ లైబ్రరీ ఇంకొకరి సొత్తు, దాన్ని పంచే హక్కు వీళ్ళకు లేదు.

ఇదే కోవకు చెందిన ఇంకొక ఉత్తరం తణుకు నుంచి వచ్చింది. విడిగా అచ్చు వేయడం లేదు, జవాబు ఇక్కడే చెబుతాను. మీ పాత ఆట /డెవ్/డీఎస్‌పీని అడగదు, లోపం కూడా చూపదు, అయినా పలకదు. ‘ఫైల్’ అనే ఆజ్ఞ తర్వాత ఆట ప్రోగ్రాం పేరు ఇవ్వండి. 32 బిట్ అని చెబితే అనుమానం తీరినట్టే. మీ సిస్టమ్ 64 బిట్లది, దాని ధ్వని లైబ్రరీలూ 64 బిట్లవి. 32 బిట్ల ఆటకు అవి పనికిరావు. ‘ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలు చూపే ఎల్‌డీడీ ఆజ్ఞ కొట్టి చూశాను, అన్నీ ఉన్నాయంది’ అని మీరు రాశారు. అక్కడే నేనూ ఒకసారి రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఎల్‌డీడీ చెప్పేది ఆట గడప దాటేటప్పుడు అడిగే లైబ్రరీల గురించి మాత్రమే. ఎస్‌డీఎల్ ధ్వని లైబ్రరీని లోపలికి వెళ్ళాక, అవసరం పడినప్పుడు పిలుస్తుంది. పిలిస్తే పలకకపోతే గొడవ చేయకుండా మౌనంగా ముందుకు పోతుంది. ఐ386 రకం, అంటే 32 బిట్ల, లిబ్‌పల్స్0, లిబ్‌అసౌండ్2 ప్లగిన్స్ ప్యాకేజీలు పెట్టండి.

ప్రశ్న: ఫెడోరా రకం లినక్స్‌లో, స్టీమ్ అనే ఆటల అంగడి ద్వారా విండోస్ ఆట ఒకటి, అలాంటి ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ మీద ఆడుతున్నాను. మామూలుగా బాగుంటుంది. పోరాటం జోరందుకోగానే హెడ్‌ఫోనులో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు. ఇంటర్నెట్‌లో దొరికిన చిట్కాలన్నీ ఒకేసారి వేశాను, ఇప్పుడు ఏది దేనికి వేశానో కూడా తెలియడం లేదు.
బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు వేసినవన్నీ తీసేయండి. పది మందులు ఒకేసారి మింగిన రోగికి ఏ మందు పనిచేసిందో ధన్వంతరి కూడా చెప్పలేడు.

పంక్తి భోజనం తలచుకోండి. సాంబారు వడ్డించేవాడు ఒక్కో గరిటె చొప్పున వేస్తున్నాడు. ఆకులో అన్నం ఆరేలోగా మళ్ళీ రావాలి. పంక్తి చిన్నదైతే వస్తాడు. జనం పెరిగారా, ఆలస్యమవుతుంది, ఎవరో ఒకరు ఖాళీ ఆకు ముందు కూర్చుంటారు. మీ హెడ్‌ఫోనులో చిటపట ఆ ఖాళీ ఆకు. ఫెడోరాలో 2021 ఏప్రిల్ నాటి 34వ విడుదల నుంచి వడ్డన బాధ్యత పైప్‌వైర్‌ది. అది సెకనుకు 48,000 నమూనాలు, అంటే ధ్వనిని కొలిచిన అంకెలు, పంపుతుంది. గరిటెకు 1,024 నమూనాలైతే ఇంచుమించు 21 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తే చాలు. ఏదైనా ఆట 256 చాలంటే అయిదు మిల్లీసెకన్లకోసారి రావాలి. పోరాటంలో ప్రాసెసరు ఊపిరాడకుండా ఉన్నప్పుడు అయిదు మిల్లీసెకన్ల గడువు తప్పుతుంది.

ఊహ కాదు, చూడవచ్చు. ఒక పక్క టెర్మినల్‌లో ‘పీడబ్ల్యూ హైఫన్ టాప్’ నడిపి ఆట ఆడండి. క్వాంట్ అన్న నిలువు వరుసలో గరిటె కొలత ఉంటుంది. ఈఆర్ఆర్ అన్న వరుసలో గడువు తప్పిన లెక్క ఉంటుంది. చిటపట వచ్చినప్పుడల్లా ఆ అంకె పెరుగుతోందా? అయితే గరిటె పెంచండి. స్టీమ్‌లో ఆట మీద కుడి నొక్కు నొక్కి, లక్షణాల్లో లాంచ్ ఆప్షన్స్ గడిలో ఇలా రాయండి. ముందు పెద్ద అక్షరాల్లో పల్స్, అండర్‌స్కోర్, లేటెన్సీ, అండర్‌స్కోర్, ఎంసెక్ (ఎం, ఎస్, ఈ, సీ నాలుగే అక్షరాలు), సమానం గుర్తు, 60. ఒక ఖాళీ. తర్వాత శాతం గుర్తు, చిన్న అక్షరాల్లో కమాండ్, మళ్ళీ శాతం గుర్తు. ప్రోటాన్ ధ్వని పల్స్ఆడియో భాషలో మాట్లాడుతుంది, పైప్‌వైర్ ఆ భాషను అర్థం చేసుకుంటుంది. అందుకే పేరులో పల్స్. 60 అంటే 60 మిల్లీసెకన్ల నిల్వ. చిటపట పోతే 40కి దించి చూడండి. నిల్వ పెరిగిన కొద్దీ మోత ఆలస్యంగా వినబడుతుంది కనుక అవసరమైనంత మేరకే ఉంచుకోవాలి.

ఈఆర్ఆర్ అంకె కదలకుండా చిటపట మాత్రం వస్తుంటే పైప్‌వైర్‌ను వదిలేయండి. హెడ్‌ఫోను తీగ, పిన్ను, యూఎస్‌బీ రంధ్రం చూసుకోండి. నా దుకాణానికి వచ్చే ‘సాఫ్ట్‌వేర్ సమస్య’ల్లో పిన్ను వదులైనవి తక్కువేమీ కాదు.

ప్రశ్న: మా ప్రాథమిక పాఠశాల పిల్లల కోసం నేనే ఒక పదాల ఆట తయారుచేశాను. బొమ్మ మీద నొక్కితే పేరు పలుకుతుంది. లినక్స్ ఉన్న లాప్‌టాపులో మొదటి అక్షరాన్ని మింగేస్తోంది. మొన్న తామర పువ్వు మీద నొక్కితే ‘కమలం’లో మొదటి అక్షరం ఎగిరిపోయి మిగిలినది మాత్రం స్పష్టంగా పలికింది. తరగతి అరగంట దాకా అదుపులోకి రాలేదు. ఇన్‌స్పెక్షన్ దగ్గరపడుతోంది.
ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివి నవ్వినందుకు క్షమించండి. మీ ఆటలో తప్పు లేదు. కార్డు కునుకు తీస్తోంది.

లాప్‌టాపుల్లో బ్యాటరీ ఆదా కోసం, కాసేపు ధ్వని లేకపోతే డ్రైవరు సౌండ్ కార్డును నిద్రపుచ్చుతుంది. మీరు బొమ్మ నొక్కగానే అది లేచి, కళ్ళు నులుముకుని, గొంతు సవరించుకునేలోగా మొదటి అక్షరం దాటిపోతుంది. సినిమా పాటకైతే ఇది ఎవరికీ తెలియదు. ఒక్క మాట పలికే ఆటకు ప్రాణాంతకం. పరీక్ష సులువు. వెనకాల ఏదో ఒక పాట సన్నగా పెట్టి ఆట ఆడండి. అక్షరాలన్నీ పలికితే నిద్రే కారణం.

ఇంటెల్ రకం కార్డయితే, అడ్మిన్ హక్కుతో /సిస్/మాడ్యూల్/ఎస్ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్/పారామీటర్స్/పవర్_సేవ్ అనే ఫైలులో ఉన్న అంకెను సున్నా చేయండి. మళ్ళీ పెట్టె వెలిగించినప్పుడు అది పాత అంకెకే వెళుతుంది. శాశ్వతంగా ఉండాలంటే /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ ఫోల్డరులో ‘డాట్ కాన్ఫ్’తో ముగిసే చిన్న ఫైలు పెట్టి, అందులో ‘ఆప్షన్స్ ఎస్ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్ పవర్_సేవ్=0’ అన్న ఒక్క వరుస రాయాలి. బ్యాటరీ రవ్వంత ఎక్కువ ఖర్చవుతుంది. ఇన్‌స్పెక్షన్ నాటికి ఇది చేయలేకపోతే, ప్రతి పదం రికార్డు ముందు ఒక సెకను నిశ్శబ్దం చేర్చండి. మింగితే ఆ నిశ్శబ్దాన్నే మింగుతుంది.

ప్రశ్న: మా కంప్యూటరుకు హెచ్‌డీఎంఐ తీగతో కొత్త మానిటరు పెట్టారు. అప్పటినుంచి ఆటలో శబ్దం లేదు. మానిటరుకు స్పీకర్లు లేవు. పాత స్పీకర్లు వెనక పెట్టే ఉన్నాయి. నేను పదో తరగతి.
ఖమ్మం

జవాబు: బాబూ, శబ్దం వస్తూనే ఉంది, స్పీకర్లు లేని మానిటరుకు వెళుతోంది. హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మతో పాటు ధ్వని కూడా పోతుంది కనుక, కంప్యూటరుకు అది ఇంకో సౌండ్ కార్డు కింద లెక్క. ‘పావుకంట్రోల్’ అనే ప్రోగ్రాం పెట్టుకో. పేరులో పావు ఉన్నా కంట్రోలు పూర్తిగానే చేస్తుంది. ఆట నడుస్తుండగా దాన్ని తెరిచి ప్లేబ్యాక్ పుటలో చూడు. ఆట పేరు కింద గీత కదులుతోందంటే ఆట పలుకుతున్నట్టే. పక్కన ఉన్న జాబితాలో హెచ్‌డీఎంఐ తీసి అనలాగ్ ఎంచుకో. ఆట ఆటకూ విడిగా గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, ఒక ఆట బాగైనా ఇంకొకటి మూగగా ఉంటే దానికీ ఇలాగే మార్చు. అప్పటికీ రాకపోతే టెర్మినల్‌లో ‘ఆల్సామిక్సర్’ కొట్టి, ఎఫ్6తో కార్డు ఎంచుకుని, ఏ పట్టీ కిందనైనా ‘ఎంఎం’ అని ఉందేమో చూడు. ఉంటే దాని మీదికి వెళ్ళి ఎం నొక్కు.

ప్రశ్న: అన్నయ్యగారూ, వారాంతంలో విజయవాడలో ఉన్న మా స్నేహితురాళ్ళతో కలిసి ఆన్‌లైన్ ఆట ఆడతాను. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో ఆట సంగీతం చక్కగా వస్తుంది. మాటలు మొదలుపెట్టగానే అంతా పాతకాలం ట్రంక్ కాల్ అయిపోతుంది. ఇటువైపు ఉబుంటు.
గృహిణి, డల్లాస్

జవాబు: చెల్లెమ్మా, లోపం ఉబుంటుది కాదు, బ్లూటూత్ పుట్టుకలోనే ఉంది. సంగీతానికి వాడే ఏ2డీపీ పద్ధతిలో ధ్వని మీ చెవికి వస్తుందే తప్ప మైకు నుంచి వెనక్కి వెళ్ళదు. మీరు మైకు తెరవగానే హెడ్‌సెట్ ఫోను మాటల పద్ధతికి మారుతుంది. అందులో సెకనుకు 8,000 నమూనాలు, కొత్త రకమైతే 16,000. సంగీతానికేమో 44,100 లేక 48,000 ఉంటాయి. ఆ తేడాయే మీ ట్రంక్ కాల్. హెడ్‌సెట్‌ను చెవులకు మాత్రమే ఉంచి, మైకుగా లాప్‌టాపుది ఎంచుకోండి. పావుకంట్రోల్‌లో కాన్ఫిగరేషన్ పుటలో హెడ్‌సెట్‌కు ఏ2డీపీని ఖాయం చేయండి. ఇరవై డాలర్ల లోపు తీగ హెడ్‌సెట్ కొనుక్కుంటే ఇవేమీ అక్కర్లేదు, పేలిన తుపాకీ కూడా ఆలస్యం లేకుండా వినబడుతుంది. నేనైతే అదే చేస్తాను.

ప్రశ్న: /డెవ్/డీఎస్‌పీ కాలం చేసిందని మీరు ఆ మధ్య ఒక జవాబులో రాశారు. నేను లినక్స్ కాదు, యూనిక్స్ వంశంలోనిదే అయిన ఫ్రీబీఎస్‌డీ వాడతాను. మా ఇంట్లో అది నిక్షేపంగా ఉంది. అయితే ఆట శబ్దం ముందువైపు హెడ్‌ఫోను రంధ్రంలో రావడం లేదు, వెనక స్పీకర్లలో వస్తోంది.
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అక్షింతలు స్వీకరించాను. లినక్స్ పక్కన పెట్టేసిన ఓఎస్ఎస్ దారినే ఫ్రీబీఎస్‌డీ బాగుచేసుకుని వాడుతోంది. నేను ల్యాబులో పడిన పాట గొడవ అక్కడ లేదు, పలు ప్రోగ్రాముల ధ్వనులు కెర్నెల్లోనే కలుస్తాయి.

మీ సమస్యకు ‘క్యాట్ /డెవ్/ఎస్ఎన్‌డీస్టాట్’ కొట్టండి. పీసీఎం0, పీసీఎం1 అంటూ వరుసగా వస్తాయి. చాలా బోర్డుల మీద వెనక రంధ్రాలు ఒక పీసీఎంగా, ముందు హెడ్‌ఫోను ఇంకొక పీసీఎంగా కనబడతాయి. డిఫాల్ట్ అన్న మాట వెనక రంధ్రాల పీసీఎం పక్కన ఉండి ఉంటుంది. హెడ్‌ఫోను అంకె చూసుకుని, అడ్మిన్‌గా ‘సిస్‌సీటీఎల్ హెచ్‌డబ్ల్యూ.ఎస్ఎన్‌డీ.డిఫాల్ట్_యూనిట్=’ తర్వాత ఆ అంకె ఇవ్వండి. నచ్చితే అదే వరుసను, మొదటి మాట తీసేసి, /ఈటీసీ/సిస్‌సీటీఎల్.కాన్ఫ్‌లో చేర్చండి. అంకె మార్చాక కూడా శబ్దం వెనకనుంచే వస్తోందని కంగారుపడకండి. అప్పటికే నడుస్తున్న ఆట పాత తలుపునే పట్టుకుని ఉంటుంది, దాన్ని మూసి మళ్ళీ తెరవండి.